సుభానీ దిండు

గుంటూరు మిర్చి యార్డులో కాయ విరిచి, వాసన చూసి రకం తేల్చే సుభానీ ఈమధ్య చంకలో పూలపూల దిండుతో వస్తున్నాడు. రోబో ఆపరేషన్‌లో ఊపిరితిత్తి ముక్క తీశాక, తుమ్మొస్తే దాన్ని పక్కటెముకలకు అదుముకోమన్నారట డాక్టరు గారు. "జోల పాడవా బాయ్?" అని హమాలీలు ఏడిపించినా దాన్ని తేవడం మానడు. ఘాటుకు ఆగలేకపోతే ఈ పని పోయినట్టేనని అతనికి తెలుసు.

మొన్న కాయ విరవగానే తుమ్ము ముంచుకొచ్చింది. దిండేమో అవతలి బస్తా మీద ఉంది. తుమ్మేశాడు. హమాలీలు నవ్వు మరిచి నిలబడిపోయారు.

"నొప్పి పుట్టిందా బాయ్?" అన్నాడు హమాలీల్లో ఒకడైన బాబ్జీ.

సుభానీ కారం చేత్తోనే చొక్కా కింద ఆపరేషన్ మచ్చలు తడుముకున్నాడు. "నొప్పీ లేదు, మంటా లేదురా. పరాయివాడి ఒళ్లు తడిమినట్టుంది," అని, విరిచిన కాయ మళ్లీ వాసన చూశాడు. "తేజా రకమే. ఇంకా ఆరాలి."

తర్వాత వెళ్లి దిండు తెచ్చుకుని చంకలో పెట్టుకున్నాడు.