మంచులో పడవ, నడుమ మా పేర్లు

అల్యూమినియం రేకుల మీద ఫ్రెంచివాళ్ళ ఇంప్రెషనిస్టు బొమ్మలు అచ్చేసి, గోడలకు తగిలించుకోమని జనానికి అమ్ముదామనుకోవడం నా తెలివితక్కువతనమే. తెనాలిలో మాది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజు ఫ్లెక్సీలో కళ్ళజోడు కాస్త మసగ్గా పడితేనే మళ్ళీ వేయించుకెళ్ళే ఊరది. అలాంటి చోట నదీ, పడవా, పొగమంచూ ఒకదాన్లోకొకటి కరిగిపోయే బొమ్మల కోసం కొత్త మిషను కొన్నాను. వాటికి ఇంప్రెస్ అయింది నేనొక్కణ్ణే. చూసినవాళ్ళంతా, "తీసేటప్పుడు కెమెరా కదిలినట్టుందండి" అన్నవాళ్ళే.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. బాపట్ల బీచి దగ్గర రిసార్టు కట్టినాయన మా బావగారికి స్నేహితుడు. "రేపల్లెలో మీ అక్కాబావల కొత్తింటి ప్రతిష్ఠకి వస్తున్నాను కదండీ. అక్కడ గోడ మీద ఒకటి చూపించండి. నచ్చితే మా గదులన్నిటికీ మీవే" అన్నాడు. ఆ ఆర్డరు రాకపోతే మిషను అమ్మేయాల్సిందేనని మా ఆవిడ తేల్చేసింది.

ఉన్నవాటిలోకెల్లా మంచిది, మంచులో పడవ బొమ్మ, ముందుగానే అక్కయ్యకు పంపాను.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక కళ్ళు తెరిచి చూద్దును కదా, గోడ మీద నా బొమ్మ. పడవ దగ్గర్నుంచి అవతలి ఒడ్డు దాకా, నది నడుమ తళతళలాడే అక్షరాలు: "ప్రేమతో తమ్ముడు, మరదలు, తెనాలి." అటొక పువ్వు, ఇటొక పువ్వు.

"అక్కా, ఏంటిది?"

"నువ్వు మర్చిపోయావని స్టీలు సామాన్ల కొట్లో నేనే కొట్టించాన్రా. పేరు లేకుండా ఎవరన్నా సామాను చదివిస్తారా?"

"సామాను కాదక్కా, బొమ్మ!"

"బొమ్మైతే మోగుతుందేంటి?" అంటూ వేలితో కొట్టి చూపించింది. ఠంగుమంది. "పువ్వులు ఊరికే వేశాడు, పాపం."

ఇంతలో రిసార్టాయన వచ్చి, బొమ్మ మీదకు వంగి చాలాసేపు చూశాడు.

"భలే ఉందండీ!"

నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ఎంత నీటుగా కొట్టాడు! మా గదుల్లో బకెట్లూ మగ్గులూ దిగినవాళ్ళే పట్టుకుపోతున్నారండి. అన్నిటి మీదా రిసార్టు పేరు కొట్టించేస్తాను. ఆ కొట్టు ఎక్కడ చెల్లెమ్మా?"

అక్కయ్య అక్కడికక్కడే ఫోను కలిపిచ్చింది. ఆర్డరు నా కళ్ళెదుటే కుదిరిపోయింది, కొట్టువాడికి. ఈ బొమ్మలతో నాకు పేరొస్తుందనుకున్నాను. వచ్చింది, నీళ్ళలో.

మిషను బేరానికి పెట్టాను. అది వెళ్ళిపోయేలోపు అక్కయ్య పని ఒకటి తగిలింది. తనూ బావగారూ సోఫాలో కూర్చున్న ఫొటోను హాల్లోకి పెద్ద రేకు మీద వేసిపెట్టమంది. శ్రద్ధగా వేశాను. పట్టుచీర, బావగారి మీసం, సోఫా, అన్నీ ఒకదాన్లోకొకటి కరిగిపోయేలా, అచ్చంగా ఆ ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో.

అందగానే ఫోను.

"ఒరేయ్, ఇందులో నేనెక్కడున్నాన్రా?"

"దగ్గర్నుంచి తెలియదక్కా. వెనక్కెళ్ళి చూడాలి."

"వంటింట్లోకొచ్చేశాను. ఇంకా ఎంత వెనక్కిరా?"

"చెరుకుపల్లి బస్సెక్కు" అన్నాను.