దించిన తీగలు

మాట పెగలని మూలుగును కూడా ఆలకించే దేవునికి స్తోత్రం.

ఇరవై ఏళ్ల కిందట గద్వాల స్టేషన్‌లో, పక్కనున్న పెద్దాయన గిటారు అడిగి తీసుకున్నాను. మా సంఘంలో గిటారు వాయించేది నేనే. శ్రుతి బాగా కిందికుందని, ఆయన్ను అడగకుండానే తీగలు బిగించసాగాను. తుప్పుపట్టిన సన్న తీగ పుటుక్కున తెగింది.

"అయ్యో తమ్మీ, నేనే దించిన! నా భార్యకు గొంతుల క్యాన్సర్, కర్నూలు దవాఖానల ఉన్నది. ఆమె గొంతు ఇప్పుడు గంత కిందికే పలుకుతది. రేపు ఆపరేషన్ జేసి గొంతు తీసేస్తరంట. ఇయ్యాల ఒక్క పాట పాడుకుందమన్నది."

మిగిలిన తీగలను మళ్లీ దించాను. ఎంతవరకని అడిగితే, ఆయన కళ్లు మూసుకుని ఆమె గొంతు ఎత్తును కూనిరాగంగా చూపించాడు.

"ఇంక ఐదు తీగలున్నయి గద, సాలు," అంటూ గిటారు తీసుకుని రైలెక్కాడు.

ఆ పాట పాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఆ ఇద్దరి కోసం నాతో కలిసి ప్రార్థించండి.