చప్పిడి వారం

మా బాపు ఆగయ్య శాలిబండలో మట్టి పరీక్షలు చేసే సర్కారు ఆఫీసులో అటెండరు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. లాల్‌దర్వాజా నుంచి రోజూ మధ్యాహ్నం బాపుకు టిఫిన్ డబ్బా నేనే తీసుకుపోయేదాన్ని.

అక్కడ బాపు చేతికింద ఆరు గాజు గొట్టాల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులుండేవి. తోళ్ళకు ఉప్పు పట్టించే ఒక పెరట్లోంచి అవి ఉన్న మట్టి తెచ్చింది బాపే. వారానికోసారి ఒక్కో గొట్టంలోంచి చుక్క తీసి, వాటికి మేతయ్యే కొత్త రసంలో వేసి, ఉప్పు రవ్వంత పెంచాలి. రసం మసకబారితే అవి బతికినట్టు. గొట్టాలు తక్కువ కాబట్టి పాతవాటిని వెంటనే ఉడికించి కడిగేసేవాడు. ఏడేళ్ళు అట్లా నడిచింది.

"ఇంట్ల పిల్లకంటె ఆ పురుగులే నీకు ముద్దాయె," అని మా అమ్మ చంద్రమ్మ దెప్పేది.

"అవి నీలెక్క లొల్లి చెయ్యయి," అనేవాడు బాపు.

ఆఫీసులో పెద్ద ఉమాపతి సార్. ఆయనది సముద్రం పక్క ఊరు. ఉప్పెక్కిన పొలాల్లో వరికి ఈ జీవులు తోడవుతాయని ఆయన ఆశ. ఒకరోజు నేను వరండాలో డబ్బా పట్టుకుని నిలబడితే, లోపల ఒక విద్యార్థికి చెబుతున్నాడు.

"ఉప్పు పెంచినప్పుడల్లా చాలా వరకు చచ్చిపోతాయి. ఏ ఒక్కదాని జన్యువులోనో మార్పు వచ్చి ఉంటే అది నిలుస్తుంది. దాని పిల్లలన్నిటికీ ఆ మార్పు వస్తుంది. ఇప్పుడు వీటి ఒళ్ళు ఉప్పుకే కుదిరిపోయిందయ్యా. చప్పటి నీళ్ళలో వేస్తే పగిలిపోతాయి."

బాపు అప్పుడు చాయ్‌కి పోయి ఉన్నాడు.

డెబ్బై ఎనిమిది ఆషాఢంలో ఉప్పు ఇంకొంచెం పెంచాక రసం సరిగా మసకబారలేదు. సార్ ఊళ్ళో లేడు. బాపుకు ఫికర్ పట్టుకుంది. అవి బాగుపడాలని మహంకాళమ్మకు మొక్కుకుని, బోనాల దాకా వారం రోజులు ఉప్పు లేని చప్పిడి తింటానన్నాడు. ఆ సోమవారం నేను పోయేసరికి కొత్త రసం పోస్తున్నాడు. ఉప్పు డబ్బా మూత తీయలేదు.

"ఉప్పెయ్యవా బాపూ?"

"అలిసిపోయినయి బిడ్డా. నాతోపాటు ఇవి గూడ ఒక్క వారం చప్పిడి తిననియ్యి. మస్తు కోలుకుంటయి."

సార్ మాట నా నోటిదాకా వచ్చింది. చాటుగా విన్నది. నాకేం తెలుసని చెప్పను? పాత గొట్టాలు మరిగే నీళ్ళలో మునుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

సార్ వచ్చేనాటికి ఆరు గొట్టాల్లోనూ రసం తేటగా ఉంది. ఆయన తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "ఏడేళ్ళు, ఆగయ్యా," అన్నాడు.

"మళ్ళ మట్టి తెస్త సార్. గదే పెరట్ల నుంచి."

నన్ను వెంటబెట్టుకుని పోయాడు. పెరడు లేదు. నేలంతా సిమెంటు చేసి, స్కూటర్లు బాగుచేసే దుకాణం పెట్టారు.

"క్యా హోనా చాచా?" అని ఏం కావాలో అడిగాడు మెకానిక్.

"మట్టి," అన్నాడు బాపు. అతను నవ్వాడు.

గోడ మూలన సిమెంటు పగులులో బాపు మేకుతో గోకి, చిటికెడు దుమ్ము రుమాలులో కట్టుకున్నాడు. దాన్ని ఉప్పు రసంలో వేశాడు. అప్పటి నుంచి రోజూ నేను పోయేసరికి గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంటాడు.

"మసక కనబడుతుందా బిడ్డా? నీ కండ్లు మంచిగుంటయి."

నేను డబ్బా కింద పెట్టి చూస్తాను. గొట్టం అవతల కిటికీ చువ్వలు స్పష్టంగా కనబడతాయి.

"ఇయ్యాల లేదు బాపూ," అంటాను.