డాక్టర్‌గారి సివిల్ వార్

పోయిన గురువారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ చూశాను. న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను: "మన డాక్టర్‌గారు పొద్దున్న పోయారు." దాని పైన ఎవరో పాత సోఫా ఇచ్చేస్తామని పెట్టిన మెసేజ్. తర్వాత మీటింగ్‌లో నేనేం మాట్లాడానో గుర్తు లేదు. ఇంటికొచ్చాక కాలు నిలవలేదు. ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగాను, సర్దాను, మళ్ళీ అన్నీ బయటపెట్టాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు.

మా కింది ఫ్లోర్‌లో ఉండేవారు. జీవితమంతా ఆపరేషన్లకి మత్తు ఇచ్చిన డాక్టరు. రిటైరయ్యాక ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో మన పెద్దవాళ్ళని అమెరికా సిటిజన్‌షిప్ పరీక్షకి తయారుచేసేవారు. "అప్పుడూ జనాన్ని నిద్రపుచ్చాను, ఇప్పుడూ అదే పని" అని ఆయనే అనేవారు. మా అత్తయ్యని దింపడానికి వెళ్ళి, బయట చలికి తట్టుకోలేక నేనూ లోపల కూర్చునేదాన్ని.

ప్రశ్నలూ జవాబులూ ఒక కాగితం మీద ఉంటాయి. బట్టీ పడితే సరి. ఈయనేమో బానిసత్వం మీద ఈ దేశంలో నార్త్, సౌత్ రాష్ట్రాలు కొట్టుకున్న సివిల్ వార్ దగ్గరికొచ్చి మూడు ఆదివారాలు అక్కడే ఆగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్తయ్యకైతే ఆ పేరే మింగుడుపడలేదు. "సివిలే కదండీ డాక్టర్‌గారూ? అన్నదమ్ముల తగాదా. మా పెదనాన్నగారిది ఇరవయ్యేళ్ళు సాగింది, లాయర్లు బాగుపడ్డారు అంతే. క్రిమినల్ కానప్పుడు ఇంతమంది చావడమేమిటి?"

అందరూ పగలబడి నవ్వారు. నేనైతే తల దించుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు.

"సరిగ్గానే చెప్పావు చెల్లెమ్మా. అన్నదమ్ముల ఆస్తి తగాదానే. కాకపోతే వాళ్ళు ఆస్తి అన్నది మనుషుల్ని."

అత్తయ్య పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

యుద్ధాలు చెప్పేటప్పుడు ఆయనకి మ్యాప్ అక్కర్లేదు. ఎవరో తెచ్చిన జంతికల్లోంచి పొడుగ్గా ఉన్న ముక్క తీసి బల్ల మీద పెట్టి "ఇది మిసిసిపీ" అనేవారు. "ఒడ్డునున్న విక్స్‌బర్గ్ ఊరు పడిపోగానే నది మొత్తం నార్త్ చేతికొచ్చింది. సౌత్ రెండు ముక్కలు." నదిని విరిచి ఒక ముక్క నోట్లో వేసుకునేవారు. యాంటీటమ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఏమీ తినేవారు కాదు. ఒక్క రోజులో అంతమంది పోయిన యుద్ధం ఈ దేశంలో మరొకటి లేదట. నార్త్ పూర్తిగా గెలవనూ లేదు. అయినా ఆ మాత్రం ఆసరా చూసుకునే ప్రెసిడెంట్ బానిసల విడుదల ప్రకటించాడు. "గెలిచిందెవరో పుస్తకంలో ఉంటుంది అమ్మాయ్. గెలిచాక ఎవరికి ఏం మారిందో అది అడుగు" అనేవారు. నేను గడియారం చూసుకునేదాన్ని.

కళ్ళు మసకబారి ఆయన డ్రైవింగ్ మానేశారు. కిందటి అక్టోబర్‌లో ఒక శనివారం నేనే ఆయన్ని గెటిస్‌బర్గ్ యుద్ధభూమికి తీసుకెళ్ళాను. మైదానం అంచున వంగి బూట్లు విప్పేశారు. టూరిస్టులు చూస్తున్నారు, నాకు సిగ్గేసింది.

"అంకుల్, ప్లీజ్. నేల చల్లగా ఉంది."

"ఎవరి మీద అడుగేస్తున్నామో తెలీదు కదమ్మా" అని సాక్సులతోనే నడిచారు. మైలు దూరం ఉంటుంది. సౌత్ సైనికులు ఎదురుకాల్పుల్లో దాటబోయి కూలిపోయిన మైలు. నార్త్ సైనికులు కాచుకున్న రాతిగోడ దాకా మేం చేరేసరికి మూడున్నర. అక్కడికి దగ్గర్లో ఒక చిన్న తెల్ల ఇల్లుంది, అది చూపిస్తానన్నారు.

"నెక్స్ట్ టైమ్ చూద్దాం అంకుల్. ఇప్పుడు బయల్దేరకపోతే టర్న్‌పైక్ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాం."

"అలాగేలేమ్మా" అన్నారు.

ఆ ఇల్లు ఎవరిదో కార్లో చెప్పారు. ఒక నల్లజాతి రైతుది. బానిస కాదు, సొంత పొలం. సౌత్ సైన్యం వస్తోందని తెలిసి పెళ్ళాం పిల్లలతో పారిపోయాడు. దొరికితే పట్టుకుపోయి అమ్మేసేవాళ్ళు. సైన్యం ఓడి వెనక్కి పోయింది కనక తిరిగొచ్చి తన నేల తను దున్నుకున్నాడు. "గెటిస్‌బర్గ్ ఎందుకు ముఖ్యం అంటే నేను చూపించేది ఆ ఇల్లే" అన్నారు. నేను ఊఁ అన్నాను. నా ధ్యాసంతా ముందున్న ట్రక్కు మీద ఉంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆయనకి ఇవ్వనందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఇంత రాశాకా అది తగ్గలేదు.

నిన్న అత్తయ్యని ఎక్కించుకుని గెటిస్‌బర్గ్‌కి ఏకబిగిన మూడు గంటలు డ్రైవ్ చేశాను. చెక్కలతో కట్టిన చిన్న ఇల్లు. రెండు కిటికీలు, మూసిన తలుపు. కథంతా చెప్పాను. అత్తయ్య చాలాసేపు ఆ తలుపుకేసి చూశారు.

"పారిపోయేటప్పుడు తాళం వేశారంటావా?"

నాకు తెలీదు. అలాంటివి తెలిసిన మనిషి నాకు ఒక్కరే ఉండేవారు.

అత్తయ్య మెట్టెక్కి, లోపల పిల్లలెవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా ఆ తలుపుని తోసి చూశారు.