జర్మనీ బండికి మా ఇంటి గంజి

మొన్న చలికాలంలో మా మనవరాలు పట్టుబట్టి నన్ను నాగోలు దగ్గర పాతకార్ల ప్రదర్శనకు తీసుకుపోయింది. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతున్న ముసలిదానికి కార్లతో పనేమిటని సణుగుతూనే వెళ్ళాను. వరుసలో చిట్టచివర, తాడు కట్టిన అవతల, మీగడ రంగు ఒంటితో, పొడుగాటి ముక్కుతో, నల్లటి గుడ్డ టాపు వేసుకొని ఆ జర్మనీ బండి కనబడింది. పక్కన పెట్టిన బోర్డు చదవాల్సిన పని లేకపోయింది. మనవరాలి భుజం పట్టుకొని అక్కడే నిలబడిపోయాను.

దాని కథ నా ఈడు వాళ్ళకు చెబితేనే బాగుంటుంది. ఎందుకంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేని కాలం, పొద్దున్నే లేచి ఈరోజు బంద్ ఉందా లేదా అని పక్కింటివాళ్ళను కనుక్కున్నాకే కూరగాయలకు సంచీ పట్టుకున్న కాలం మనకే తెలుసు.

మా ఆయన పోచంపల్లి దగ్గరి పల్లెలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మగ్గం కడుపు నింపకపోవడంతో పట్నం వచ్చి, ఎల్.బి.నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల కార్లకు సీట్లు, టాపులు కుట్టే దుకాణం పెట్టుకున్నారు. నేను ఇంట్లో మిషను మీద అంచులు కుట్టిచ్చేదాన్ని. ఆ దుకాణానికి ఒకనాడు సైదాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలో తయారైన బండి, టాపు వెనక్కి మడిచేస్తే నెత్తిమీద ఆకాశమే, అలాంటిది మళ్ళీ ఎక్కడా దొరకదని చెప్పుకొచ్చారు. వాళ్ళ నాన్నగారు ఎవరో నవాబుగారి దగ్గర కొన్నారట. ఏళ్ళ తరబడి షెడ్డులో మూలపడ్డ దాన్ని ఇంజనూ రంగూ బాగుచేయించి, ఇక సీట్లూ టాపూ మిగిలాయని మా దగ్గరికి తెచ్చారు.

ఈ వయసులో సారుకు అంత యావ ఎందుకో సైదాబాద్‌లో వాళ్ళింటికి గుడ్డ రంగులు చూపించడానికి వెళ్ళిన రోజు నాకు అర్థమైంది. అమ్మగారు, అంటే సారు భార్య, మంచం మీద ఉన్నారు, నాలుగు మాటలు వరుసగా మాట్లాడితే ఆయాసం. పెళ్ళయ్యాక ఆమెను ఆ బండిలోనే అత్తవారింటికి తెచ్చారట. టాపు తీసేసి వస్తుంటే గాలికి జడలో పూలన్నీ రాలిపోయి, అల్మాస్‌గూడ పొలాల పక్కన బండి ఆపించి జుట్టు సరిచేసుకున్నారట. నా చెయ్యి పట్టుకొని, “గా పొలాల దాక ఒక్కసారి పోయొస్తే చాలు బిడ్డా, ఇంకేమద్దు నాకు” అన్నారు. దుమ్మూ ఎండా తగలనివ్వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు కనుక టాపు లేకుండా పోవడానికి లేదు. టాపు లోపలి అస్తరుకు ఆమె పాలపిట్ట నీలం ఎంచుకున్నారు.

ఆ నీలం గుడ్డను మా ఆయన బజారులో కొనలేదు, తమ ఊళ్ళోనే నేయించారు. అస్తరు జారకుండా బిగుతుగా ఉండాలంటే గంజి పెట్టాలని మా అత్తమ్మ పట్టు. పడుగు దారాలకు గంజి పెట్టకుండా మగ్గం ఎక్కించని ఇల్లు మరి, కారైతేనేమి చీరైతేనేమి ఆమెకు గుడ్డ గుడ్డే! చిక్కటి అన్నం గంజి కాచి, గుడ్డకు పట్టించి, నీడన ఆరబెట్టింది. టాపు బిగించాక చూస్తే అస్తరు ఒక్క ముడత లేకుండా నిలిచింది. మా ఆయన దాన్ని వేలితో మీటి మురిసిపోయారు, ఆయన మురిపెం చూసి మేమూ మురిసిపోయాం.

అంతలో తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచింది. బస్సులు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి. మా ఆయన కూడా చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చున్నారు. నలుగురితో కలిసి కూర్చున్నవాడు తన షట్టర్ తాను ఎట్లా తీస్తాడు? బండి దుకాణం లోపల భద్రంగానే ఉందిగదా అనుకున్నాం. కొన్ని వారాలకు మళ్ళీ షట్టర్ ఎత్తిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. గంజి వాసనకు ఎలుకలు చేరి, అస్తరు పేలికలు చేసి, పైగుడ్డను కూడా కొరికిపెట్టాయి. మా ఆయన నీలం పేలికలు ఏరి తువాలులో మూటగట్టుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

సంగతి విని పెద్దసారు వచ్చారు. టాపు లేకపోయినా పర్వాలేదు, పొద్దున్నే చల్లగా ఉండగా ఒకసారి తిప్పి తెస్తానని బతిమాలారు. అంత పెద్దమనిషి మా గడపలో నిలబడి బతిమాలడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. “జర ఆగుండ్రి సారూ, గీ దుమ్ముల అమ్మకు దమ్ము ఎక్కువైతే ఎట్ల? బస్సులు నడవంగనే బట్ట తెప్పిస్త” అన్నారు మా ఆయన. ఆమె మేలు కోరి అన్న మాటే. సారు కూడా తల ఊపి వెళ్ళిపోయారు.

బస్సులు నడిచాయి, ఊరి నుంచి గుడ్డా వచ్చింది. మా ఆయన తిండి కూడా దుకాణంలోనే తింటూ కుడుతుండగా, అమ్మగారు దవాఖానలో పోయారని కబురొచ్చింది. అయినా పని ఆపలేదు ఆయన, ఈసారి గంజి మాత్రం తాకనివ్వలేదు. దాంతో అస్తరు మధ్యలో కాస్త జారింది. బండి తీసుకుపోవడానికి సారు ఒక్కరే వచ్చారు. లోపల కూర్చొని, తలెత్తి ఆ నీలం గుడ్డను చాలాసేపు చూసి, ఒక్క మాటా అనకుండా బండి కదిలించారు. నాలుగు చివాట్లు పెట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి అని మా ఆయన ఎన్నోసార్లు అన్నారు.

తెలంగాణ వచ్చిన రోజున వీధి వీధినా డప్పులు మోగాయి. ఒంటినిండా గులాలుతో మా ఆయన కూడా చిన్నపిల్లాడిలా గంతులేశారు. సాయంత్రానికి కనబడకపోతే వెతుక్కుంటూ పోయాను. సైదాబాద్‌లో సారు ఇంటి ఎదుటి గోడవార నిలబడి ఉన్నారు. గేటు తట్టే ధైర్యం చాలలేదాయనకు. చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాను. ఇప్పుడు ఆయనా లేరు, సారూ లేరు.

ప్రదర్శనలో ఎవరో కుర్రాడు బండిలోకి తొంగిచూసి, ఇంత ఖర్చుపెట్టి జారిన లైనింగును అట్లాగే వదిలేశారేమిటని నవ్వాడు. అద్దాలు తుడుస్తున్న డ్రైవరు తలెత్తకుండానే, “గది ముట్టద్దన్నడు పెద్దసారు. మంచోడు కుట్టిండట, అమ్మగారి కోసం” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం మా ఆయన సగం ప్రాణంతో బతికారు, వినకుండానే పోయారు.

తిరిగొచ్చేటప్పుడు మనవరాలిని కారు అల్మాస్‌గూడ మీదుగా పోనివ్వమన్నాను. ఎటు చూసినా కాలనీలు, అపార్టుమెంట్లు. పొలాలు ఎక్కడుండేవో నాకే ఆనవాలు దొరకలేదు. రోడ్డు నున్నగా ఉంది, దుమ్ము లేదు, బంద్ లేదు, ఏ బండైనా ఎంత దూరమైనా హాయిగా పోవచ్చు. ఇక్కడ ఆపాలా అమ్మమ్మా అని పిల్ల అడిగింది. వద్దమ్మా, పోనీ అన్నాను.