బొట్టు పెట్టిన షాఫ్టు

వ్యాను కింద షాఫ్టు విప్పేముందు రెండు ముక్కల మీదా ఒకే వరుసలో గుర్తు పెట్టుకోవాలి. జనగామలో పని నేర్పిన మా ఉస్తాద్ ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాడు. ఇంజను తిప్పే తిప్పుడును వెనక చక్రాలకు చేర్చే గొట్టమే షాఫ్టు. పాత వ్యానుల్లో అది రెండు ముక్కలుగా ఉండి, ఒకటి ఇంకోదానిలోకి పళ్ల మీద జారుతుంది. రెండు కొసలకూ చెవుల్లాంటి ఇనుప కొమ్ములుంటాయి. వాటిలో కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఇనుప ముక్క, క్రాసు, కూర్చుంటుంది. ఈ కొస చెవులూ ఆ కొస చెవులూ ఒకే వరుసలో లేకపోతే బండి వణుకుతుంది, కొత్త క్రాసు కూడా నాలుగు రోజుల్లో పోతుంది.

గ్రీజు మీద చాక్‌పీసు నిలవదు. అందుకని ఉస్తాద్ దేవుడి పటం ముందున్న గిన్నెలోంచి చిటికెడు కుంకుమ తీసి, నూనెలో తడిపి రెండు చుక్కలు పెట్టేవాడు. నేనూ అదే అలవాటు చేసుకున్నాను. అయితే ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. బిగించేటప్పుడు గుర్తును నమ్మకు, చెవులను చూడు అని. ఆ రెండో మాట నాకు సగమే ఎక్కింది.

ఉద్యమం ముదిరి బస్సులు ఆగిపోయిన రోజులవి. అప్పటికి నేను రేగొండలో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. పొద్దున రాస్తారోకోలో కూర్చోవడం, మధ్యాహ్నం షట్టరు సగం దించుకుని పని చేయడం. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, కాదనను. కానీ నిజం చెప్పాలంటే, అన్నిటికన్నా ఎక్కువగా రెండు రోజులు కంటినిండా నిద్రపోవాలని ఉండేది.

టేకుమట్ల దిక్కు తండా నుంచి ఒకాయన తన పాత వ్యాను తెచ్చాడు. క్రాసులు రెండూ అరిగిపోయి టకటకమంటున్నాయి. ఆయన తమ్ముడికి కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు హన్మకొండకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. బస్సుల్లేవు కాబట్టి ఆ వ్యానే దిక్కు. మర్నాడే వంతు ఉందన్నాడు. నేను కుంకుమతో గుర్తు పెట్టి షాఫ్టు విప్పి, ముక్కలు బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి పోయాను. తిరిగొచ్చి కొత్త క్రాసులు ఎక్కించి, చుక్కకు చుక్క కలిపి బిగించి పంపించాను. షట్టరు కింద చీకటి. చెవుల వైపు చూడనే లేదు.

మర్నాడు పరకాల దాటకముందే క్రాసు విరిగింది. రోడ్డు మీద ఇంకో బండి దొరకలేదు. వంతు తప్పింది. సాయంత్రానికి ఒక ట్రాక్టరు వ్యానును నా షెడ్డు దాకా గుంజుకొచ్చింది. తమ్ముడు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరి ఆడడం లేదట.

బండి కింద దూరి చూశాను. చెవులు వరుస తప్పాయి. కుంకుమ చుక్కలు మాత్రం చక్కగా ఎదురెదురుగా ఉన్నాయి. ఏం చేశావని అడిగితే ఆయన దాచలేదు. నేను చాయ్‌కి పోయినప్పుడు షాఫ్టు మురికిగా ఉందని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడట. కొత్త సామాను ఎక్కుతోంది కదా, తమ్ముడు ఎక్కే బండి కదా అని నా గిన్నెలోని కుంకుమే తీసి ఒక్కో ముక్కకు ఒక్కో బొట్టు పెట్టాడట. నా గుర్తు పోయింది. ఆయన బొట్టును నేను నా గుర్తనుకున్నాను.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో అడగొద్దు. నోరు మాత్రం ఆయన మీదికే పోయింది.

"నీ బొట్టే కొంప ముంచిందే అన్నా. గది పెట్టకపోతే ఈపాటికి ఇంట్ల ఉందురు."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, తమ్ముడి దగ్గరికి పోయి వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెప్పాడు.

ఈసారి పని పనిలా చేశాను. ఇంకో బండి కోసం దాచిన క్రాసు తీశాను. క్రాసు కొసలకు తొడిగే బేరింగు గిన్నెల్లోని సన్నని సూదులు ఒక్కటీ పడిపోకుండా గ్రీజు పట్టించి, ఆ గిన్నెలు నిటారుగా దించి, వాటిని పట్టి ఉంచే లాకులు కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూశాను. రెండు కొసల చెవుల మీదా కర్ర పెట్టి వరుస చూశాను. ఈ కర్ర నిన్ననే పెట్టి ఉంటే సరిపోయేది. అది నాకు అప్పుడే తెలుసు. ఆయనకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే వ్యాను వణుకు లేకుండా హన్మకొండ చేరింది.

తమ్ముడు మరో ఏడాది బతికాడు. పోయింది ఆ జబ్బుతోనే గానీ తప్పిన ఆ ఒక్క వంతుతో కాదు. నాకు నేను ఇది చాలాసార్లు చెప్పుకున్నాను.

రాష్ట్రం ఖాయమైన రోజుల్లో ఆయన మళ్లీ వచ్చాడు, అదే వ్యాను, మళ్లీ క్రాసులు. బజారంతా గులాలుతో ఎర్రగా ఉంది. షాఫ్టు బిగించాక కుంకుమ గిన్నె నేనే ఆయన ముందుకు జరిపాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఏ బండికీ బొట్టు పెట్టలేదన్నాడు. దసరాకు కూడా.

ఇక దాచలేకపోయాను. "నీ తప్పు కాదే అన్నా. చెవులు చూసుకోవాల్సింది నేను. చూడలే."

ఆయన కుంకుమ గిన్నెను మళ్లీ నా వైపే జరిపాడు. తర్వాత కోపం లేకుండానే అన్నాడు.

"గప్పుడే చెప్తే అయిపోతుండె గదా అన్నా. వాడు పోయేదాక, నన్ను మాఫ్ చెయ్ తమ్మీ అని అడుక్కుంట కూసున్న."