పెద్దక్షరాలు

మా ఊరి గ్రంథాలయంలో పేపరు ఎప్పుడూ ఒక్కరి చేతిలో ఉండేది కాదు. పొద్దున్నే ముందు వచ్చినవాడు దాన్ని విడదీసేవాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు తలా ఒక పేజీ. ఎవరి పేజీలో చెప్పుకోదగ్గది కనబడితే వాళ్ళు పైకి చదివేవాళ్ళు. ఉద్యోగ విరమణ తర్వాత మైపాడు దగ్గరి ఈ ఊళ్ళో స్థిరపడిన నాకు మొదట్లో ఈ పద్ధతి నచ్చలేదు. రోజూ డైరీ రాసుకునేవాణ్ణి. పేపరైనా మొదటి పేజీ నుంచి వరసగా సాగాలి నాకు. కొన్నాళ్ళకు అలవాటు పడ్డాను.

నా పక్క కుర్చీ ఒక మత్స్యకారుడిది. వేట మానేసి ఒడ్డున వలలు బాగుచేసేవాడు. ఆయనా ఒక పేజీ తీసుకుని ఒళ్ళో పరుచుకుని, కాసేపు చూసి, నా వైపు జరిపేవాడు.

"కళ్ళద్దాలు మర్చిపొయ్యొచ్చినా సారూ. ఈ బొమ్మ కింద ఏం రాసినాడో చూడు."

ఎదురుగా కూర్చునే రిటైరైన బస్సు డ్రైవరు ఊరుకునేవాడు కాదు. "ఏం మామా, రోజూ మర్చిపోవడమేనా? వేటకి పొయ్యేటప్పుడు వలన్నా గుర్తుండేదా?"

"వల గుర్తుండేదిరా అల్లుడా. నీ బస్సెక్కినప్పుడే, బతుకు మీద ఆశ మర్చిపొయ్యేవాణ్ణి."

అందరం నవ్వేవాళ్ళం. ఆయనకు కళ్ళద్దాలే లేవనీ, చదువు రాదనీ ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. పైకి అన్నవాడు లేడు. డ్రైవరు కూడా హాస్యాన్ని అంతవరకే ఉంచేవాడు.

నిరుడు కంప్యూటర్లు వచ్చాయి. సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగాల దరఖాస్తులకు నెల్లూరు బస్సెక్కే ఆడపిల్లలు ఇక్కడే కూర్చుని పని చూసుకుంటున్నారు. పాత పుస్తకాలు అడిగితే మా బీరువాల్లో లేనివి కూడా తెర మీదికి వస్తున్నాయి.

ఒకరోజు పేపరు రాలేదు. లైబ్రేరియన్ అమ్మాయి మంచి మనిషి. మమ్మల్ని కంప్యూటరు దగ్గరికి పిలిచి, తెర మీద పేపరు తెరిచి, ముందుగా ఆ మత్స్యకారుణ్ణే కూర్చోబెట్టింది.

"కళ్ళద్దాలు తేలేదమ్మా" అన్నాడాయన.

"దానికేముంది పెద్దాయనా, అక్షరాలు పెద్దవి చేస్తా చూడండి."

అక్షరాలు పెరిగాయి. బొటనవేలంత అయ్యాయి, తర్వాత పిడికిలంత.

"కనబడతన్నాయా?"

ఆయన తెర వైపే చూస్తూ, "కనబడతన్నాయమ్మా" అన్నాడు.

"అయితే చదవండి మరి!" అంటూ ఆ పిల్ల ముచ్చటగా నవ్వింది.

డ్రైవరు తల దించుకున్నాడు. నేను లేచి, ఆయన కుర్చీ వెనక నిలబడి, నా కోసమే అన్నట్టు ఆ వాక్యం పైకి చదివాను. ఆయన వెనక్కి తిరగలేదు. "సారు చదివినాడు గదా" అని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కొన్నాళ్ళకు పేపర్లు ఆపేసి, బల్ల తీసేసి, ఆ చోట మరిన్ని కంప్యూటర్లు పెట్టే విషయమై ఒక అధికారి మా అభిప్రాయం అడగడానికి వచ్చాడు. కంప్యూటర్లు ఉండాలి, ఒక పేపరూ బల్లా కూడా ఉండాలి అన్నాను.

"కారణం చెప్పండి సార్, రాసుకుంటాను. చదువు రానివాళ్ళ కోసమంటారా? ఈ కంప్యూటరు చదివి వినిపిస్తుంది కూడా. ఎవరైనా ఉంటే చెప్పండి, నేర్పిస్తాం."

సాయం చేయాలనే అడిగాడు. గది నిండా జనం. ఆ మత్స్యకారుడు అన్నేళ్ళు దాచుకున్నది నేను నలుగురిలో ఎలా చెప్పను? డ్రైవరు నా వైపు చూశాడు.

"పెద్దవాళ్ళకు అలవాటండీ" అన్నాను.

"అలవాట్లు మారతాయి సార్" అని అధికారి నవ్వి, కాగితం మడిచాడు.

బల్ల తీసేశారు. ఒక సాయంత్రం ఒడ్డుకు వెళ్ళి ఆ మత్స్యకారుడి పక్కన ఇసుకలో కూర్చున్నాను. వల కాలి బొటనవేలికి తగిలించి, దారం చుట్టిన కండె ఆడిస్తూ ముడులు వేస్తున్నాడు. మాటల మధ్యలో ఫోను తీసి, "ఈరోజు ఏం రాసినారంటే" అని మొదలుపెట్టాను.

"వద్దులే సారూ" అన్నాడు, తల ఎత్తకుండా. "కన్ను తప్పితే ముడి తప్పిద్ది."